అనకాపల్లిలో ‘ఫ్రెష్’ పాఠం

మాది నిజామాబాద్. పనిమీద వెళ్లిన నాకు అనకాపల్లి చేపల బజారులో ఒక చైనా అమ్మాయి కలిసింది. అక్కడి ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజినీరట. ఇంగ్లిష్ నేర్చుకుంటోంది. ఆమె నోటుబుక్కులో ఆ రోజు మాట ‘ఫ్రెష్’. దాని కింద పాలు, గాలి, చేప బొమ్మలు వేసుకుంది.

సముద్రపు ఒడ్డునున్న పూడిమడక నుంచి చేపలు తెచ్చిన అప్పలమ్మ గంపలోకి ఆ అమ్మాయి చూసి, "ఇవి ఫ్రెష్ కావు, ఈదడం లేదు" అంది. వాళ్ల ఊళ్లో తొట్టిలో ఈదుతున్న చేపనే కొంటారట. నేనది తెలుగులో చెప్పగానే అప్పలమ్మకు రోషం వచ్చింది.

"ఏటి బాబూ, తెల్లారి ఒడ్డుకొచ్చిన సేపని ఫ్రెష్ కాదంటాదా? ఇలా సూడమను!"

మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది. ఆ అమ్మాయి వేలు పట్టుకుని చేపమీద నొక్కించింది. పడిన గుంట వెంటనే పూడిపోయింది. అమ్మాయి రెండూ బుద్ధిగా రాసుకుంది.

తర్వాత నా సంచీలోకి తొంగిచూసింది. బజారు మొదట్లోనే బేరమాడి గొప్పగా కొన్న చేప అందులో ఉంది. మొప్ప ఎత్తింది, వేలితో నొక్కింది. గుంట అలాగే ఉండిపోయింది.

"నాట్ ఫ్రెష్!" అంది సంబరంగా.

ఈసారి నేను తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది.

"పిల్లకి సదువొచ్చేసింది బాబూ! మరి నీకో?" అంది అప్పలమ్మ.