కొసరుకు ముద్ర లేదు

2007లో నన్ను కుప్పం నుంచి మదనపల్లెకు బదిలీ చేశారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్‌ని. పుంగనూరు కూడా నా పరిధిలోకే వచ్చేది. ఇన్‌స్పెక్టర్ అనగానే పోలీసనుకుని జనం లేచి నిలబడేవారు. నా చేతిలో ఇత్తడి రాళ్ల పెట్టె చూసి మళ్లీ కూర్చునేవారు. దుకాణాల కాంటాలను ఆ ప్రామాణిక రాళ్లతో సరిచూసి, సరిగా ఉంటే సీసపు బిళ్ల మీద ముద్ర కొట్టడం, తేడా ఉంటే కేసు రాయడం నా పని.

ఆ ఏడాదే మదనపల్లెలో ఒక పెద్ద కంపెనీ సూపర్ మార్కెట్ తెరిచింది. అద్దాల తలుపులు, లోపల ఏసీ. టమోటా లారీలకెక్కే ఊళ్లో నాలుగు టమోటాలకు చల్లగాలి పెట్టడం చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. కొద్ది వారాలకే అక్కడ తూకం తక్కువని నాకు ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది రమణప్ప, బస్టాండు దగ్గర భోజనాల హోటల్ నడిపేవాడు.

"ఆడ కిలో అంటే కిలో కాదు సారూ. మా ఇంట్లో గిన్నె ఒకటి ఉండాది. బజారులో కిలో టమోటా తెస్తే నిండతాది. ఈళ్ల కిలోకి నిండేదే లేదు" అన్నాడు.

పెట్టె పట్టుకుని వెళ్లాను. ఎలక్ట్రానిక్ కాంటా అయితే పళ్లెం మధ్యలోనే కాదు, నాలుగు మూలలా రాళ్లు పెట్టి చూడాలి. కొన్ని కాంటాలు మధ్యలో నిజం చెప్పి అంచుల్లో అబద్ధమాడతాయి. ఇది ఎక్కడా ఆడలేదు. అంత బుద్ధిమంతురాలైన కాంటాను నా సర్వీసులో చూడలేదు. రమణప్పను పిలిచి చూపిస్తే, ఆయన కాంటాను వదిలేసి నన్ను అనుమానంగా చూశాడు.

అసలు సంగతి వీధిలో ఉంది. ఆ షాపు ఎదుటే రెడ్డెమ్మ అనే ఆవిడ గంప పెట్టుకుని కూరగాయలు అమ్మేది. కిలో తూచి, ముల్లు నిలిచాక, ఆమె చెయ్యి మళ్లీ గంపలోకి వెళ్లేది. రెండు టమోటాలో, పిడికెడు మిరపకాయలో సంచిలో పడేవి. కొసరు లేని కిలో రమణప్ప తన జన్మలో కొని ఎరగడు.

షాపు మేనేజరు ప్రసాద్ విజయవాడ అబ్బాయి. కూరగాయలు అమ్ముడుపోకపోతే ఉగాదికల్లా షాపు మూసేస్తామని హెడ్డాఫీసు చెప్పిందట. "అప్పుడు నన్ను ఇంకో ఊరికి పంపరండీ, ఇంటికే పంపుతారు. మొన్ననే పెళ్లయింది" అన్నాడు. నిజంగానే జాలేసింది. కాంటా సరిగ్గా ఉందని ముద్ర కొట్టి, ధ్రువపత్రం రాసిచ్చాను.

దాన్ని అతను ఫ్రేము కట్టించి గుమ్మంలో తగిలించాడు. మరునాటికి ఊరంతా ఒకటే మాట: "దొంగ తూకం పట్టుకునేసినారంట. అందుకే కాయితం తగిలించినారు." ఉన్న బేరం కూడా పోయింది.

తర్వాత నేను రెడ్డెమ్మ కొసరు సంగతి చెబితే, ప్రసాద్ కాంటా దగ్గరి అమ్మాయిలతో కొసరు వేయించాడు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి తెరిచి బిల్లుతో సరిచూస్తాడు. రమణప్ప సంచిలో బిల్లులో లేని మిరపకాయలు దొరికాయి.

"నన్ను దొంగ అంటాండాడప్పా! నేనేమన్నా ఎత్తుకొనొచ్చినానా? ఆ పాపే ఏసింది!" అని రమణప్ప వేసిన కేకలకు వీధి వీధంతా గుమిగూడింది. ప్రసాద్ చేతులు జోడించి ఆయన్ను పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి అతనే ఒక దారి కనిపెట్టాడు. సెక్యూరిటీని దాటాక, అద్దాల తలుపు బయట ఒక గంప పెట్టి, రెడ్డెమ్మను జీతానికి కూర్చోబెట్టాడు. ఆమె ముందు బెట్టు చేసింది. "యాల నాయనా, నా బేరం చెడగొట్టేకా?" అంది. నెల జీతం, కుర్చీ, పైన ఫ్యాను అనేసరికి మెత్తబడింది. వచ్చినవాళ్ల సంచిలోకి తొంగి చూసి, "ఇంతే కొన్నావు, సాల్తాదా అమ్మా?" అంటూ గంపలోంచి రెండు కాయలు వేసేది. దీనికి శాఖ అనుమతి కావాలా అని ప్రసాద్ నన్నడిగాడు. కాంటా లేనిచోట నాకు పని లేదని చెప్పాను.

బేరం పుంజుకుంది. ఉగాది దాటింది, షాపు నిలిచింది. రమణప్ప బజారులో నన్ను ఆపి, "మీరొచ్చి సరిజేసినాక తూకం కరెక్టుగా ఉండాది సారూ" అని మెచ్చుకున్నాడు. నేను ఆ కాంటాలో ఏదీ మార్చలేదంటే వినడే!

తర్వాత ప్రసాద్‌కు ప్రమోషన్ వచ్చి వెళ్లిపోయాడు. కొత్త మేనేజరు వస్తూనే గంపను దండగ ఖర్చన్నాడు. రెడ్డెమ్మ మళ్లీ ఎదుటి వీధిలో కూర్చుంది. నెల తిరక్కుండానే రమణప్ప నా ఆఫీసులో ఉన్నాడు. ఫిర్యాదు పాతదే, తూకం తక్కువ.

మళ్లీ పెట్టె పట్టుకుని వెళ్లాను. అదే కాంటా, నేను కొట్టిన అదే ముద్ర. నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. 'ఫిర్యాదు నిరాధారం' అని నివేదిక రాసి సంతకం పెట్టాను. అది నిజం. రమణప్ప గిన్నె నిండలేదన్నదీ నిజమే. మా చట్టం ముల్లు నిలిచేదాకానే చూస్తుంది. కొనేవాడు ఆ తర్వాత చెయ్యి మళ్లీ గంపలోకి వెళ్తుందా లేదా అని చూస్తాడు. ఆ రెండోదాన్ని పరీక్షించే రాయి నా పెట్టెలో లేదు.