నాయిన రెండు కళ్ళు, ఒకటే గోడ

వనపర్తిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసే పని నాది. ఆ పని చేస్తూనే, కంప్యూటర్‌లో గదులు కట్టి వాటికి వెలుగు పెట్టే విద్యను ఆన్‌లైన్‌లో నేర్చుకోవడం మొదలుపెట్టాను. గోడ, మంచం, కిటికీ అన్నీ మనమే కడతాం. కానీ దీపం పెట్టేదాకా తెర మీద అంతా నలుపే. ఆ దీపం ఎక్కడ పెట్టాలి, ఏ రంగులో పెట్టాలి, అదే చదువు.

నాకది చాలాకాలం పట్టుబడలేదు. చీకటి కనిపించిన చోటల్లా ఒక దీపం పెట్టేదాన్ని. మూలకొకటి, మంచం కిందొకటి. చివరికి గది పెళ్ళి మండపంలా వెలిగిపోయేది. పాఠం చెప్పే మేడం ప్రతిసారీ ఒకే మాట రాసేవారు: “బాగుంది. కానీ ఈ గదిలో ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా?”

అప్పుడే నాయిన కళ్ళలో శుక్లాలు ముదిరాయి. వయసులో ఉండగా కాలువ పనులకు దేశమంతా వలసపోయిన మనిషి. ఒంట్లో బలం తగ్గాక పాన్‌గల్ నుంచి వచ్చి నా దగ్గరే ఉంటున్నాడు. నాగర్‌కర్నూల్ దవాఖానలో ముందు కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి కొన్నాళ్ళు ఆగి చేస్తామన్నారు.

కట్టు విప్పించుకుని ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని, ఒక కన్ను మూస్తాడు, గోడకేసి చూస్తాడు. ఇంకో కన్ను మూస్తాడు, మళ్ళీ చూస్తాడు. నాకు భయమేసింది.

“ఏమైంది నాయినా? నొస్తున్నదా?”

“నొప్పేం లేదు. గోడకు సున్నమేసినవా బిడ్డా?”

“లే. నువ్వు పోయేటప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉన్నది.”

“మరి గీ కన్నుతోని చూస్తే దూది లెక్క తెల్లగున్నది. గా కన్నుతోని చూస్తే పసుపునీళ్ళు సల్లినట్టున్నది. ఇన్నొద్దులు గదే తెలుపు అనుకున్న!”

నేను నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. వెలుగును పసుపు వైపుకో నీలం వైపుకో జరిపే మీట ఒకటి నా కంప్యూటర్‌లోనూ ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని గుడ్డిగా అటూ ఇటూ జరుపుతూ వచ్చాను. ఒకే గోడ రెండు రకాలుగా ఎలా కనబడుతుందో ఇప్పుడు నా ఎదురుగా చెప్పే మనిషి ఉన్నాడు.

కన్ను కాస్త కుదుటపడ్డాక, మా ముందుగదినే తెర మీద కట్టాను. అదే గోడ, అదే మంచం, అదే స్టీలు బిందె. కిటికీ బయట ఒక్క దీపం ఉంచి మిగతావన్నీ తీసేశాను. నాయినను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎడమ కంటితో గోడను చూడాలి, కుడికంటితో తెరను చూడాలి, రెండూ ఒకటయ్యాయో లేదో చెప్పాలి.

“జర తగ్గియ్. గంత బంగారమేం గాదు. పాత పంచె లెక్క ఉంటది.”

తగ్గించాను.

“ఇంక జర... ఆ, ఆగు! గదే.”

“ఇగ చాలు, పండుకో. కండ్లు అలసిపోతయ్.”

“ఉండు బిడ్డా. బిందె కాడ ఇంకా తెల్లగనే ఉన్నది.”

నా పని గురించి నాయిన ఏనాడూ ఏదీ అడిగి ఎరగడు. ఆ పూట అన్నం చల్లారిపోతున్నా లేవలేదు. నాకూ లేవాలనిపించలేదు.

అలవాటు కొద్దీ మంచం కిందికి ఒక దీపం తేబోయాను. ఎందుకో తల తిప్పి మా మంచం కిందికి చూశాను. అక్కడా చీకటే. నేల బండల మీద పడ్డ ఎండ కొంచెం ఎగసి తగిలి, ఆ చీకట్లోనే చెప్పుల అంచులు లీలగా తెలుస్తున్నాయి. అలాగే వదిలేశాను. మొదటిసారి నా గదికి పొద్దు వచ్చింది.

ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చేసి మేడంకు పంపాను. “మొదటిది ఉదయం, రెండోది సాయంత్రం. రెండూ చక్కగా కుదిరాయి” అని రాశారు. రెండూ ఒకే వేళ అనీ, మా నాయిన కుడికన్ను, ఎడమ కన్ను అనీ జవాబు పెట్టాను. మేడం వెంటనే ఫోన్ చేసి, నాయినతో మాట్లాడాలన్నారు.

నాయిన ఫోన్ దూరంగా పట్టుకుని గట్టిగా చెప్పాడు. “గోడ ఒక్కటే నాది మేడం. బొమ్మ నా బిడ్డది.”

ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఇంకా కట్టని ఇళ్ళకు వెలుగు పెట్టే పని. నాకిష్టమైన పని. నాయినకు రెండో కంటి ఆపరేషన్ కూడా అయింది. అది తేరుకున్నాక ఒక్కడే బస్సెక్కి ఇటిక్యాలలో ఉన్న మా మేనత్తను చూసొచ్చాడు. వచ్చినప్పటి నుంచి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

“ఏంది నాయినా, అత్త పానం బాగలేదా?”

“బాగనే ఉన్నది. గాని బిడ్డా, గింత ముసలిదైందని నాకు తెల్వకపాయె. మొకమంత ముడుతలే.”

“ఆమె నీకంటె చిన్నదే గద?”

నాయిన అద్దం తెమ్మన్నాడు. వాకిట్లో ఎండకు నిలబడి చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

“గడ్డం గీస్తె జర నయమైతడు వీడు” అన్నాడు.