ఇనుప దండెం

నా చిన్నప్పుడు నెల్లికుదురులో మా ఇల్లు వానాకాలం వస్తే ముట్టుకున్నవాళ్లను జుమ్మనిపించేది. పాత పెంకుటిల్లు. ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో వాసాల వెంట వేయించిన వైర్లే అప్పటికీ ఉన్నాయి. వాటి పైపొర ఎండి పెచ్చులుగా రాలుతుండేది. తడిసిన గోడ మీద స్విచ్చు దగ్గర చేయి పెడితే చీమలు పాకినట్టుండేది. పిల్లలం పందేలు వేసుకుని మరీ ముట్టుకునేవాళ్లం. పెద్దవాళ్లు చూసి నవ్వేవారు.

పెళ్లయిన మొదటి ఏడాది ఆషాఢానికి మా మేనత్త పుట్టింటికి వచ్చింది. తాతయ్యకు ఆఖరి బిడ్డ. ఆమె జడ వేస్తేనే నేను బడికి పోయేదాన్ని.

ఒక పొద్దున వాన వెలిశాక అత్త తడిబట్టల బకెట్టు తీసుకుని వెనక వాకిట్లోకి పోయింది. అక్కడ చూరుకూ ఒక గుంజకూ కట్టిన ఇనుప తీగే మా దండెం. బావి మోటారుకు పోయే పాత వైరు గాలికి ఊగి ఊగి, పైపొర అరిగి, ఆ తీగకు తగులుతోందని మాకు తర్వాత తెలిసింది. అత్త తడి చీర తీగ మీద వేసింది. వేసిన చేయి వెనక్కి రాలేదు. నోరు తెరిచింది కానీ అరుపు రాలేదు.

నేను "అత్తా!" అంటూ ఉరికాను. ఆమె కొంగు నా చేతికి అందేలోపే తాతయ్య నా నడుము పట్టి వెనక్కి గుంజి నేలకు అదిమేశాడు.

"ఎవ్వలు ముట్టుకోవద్దు! కొడుకా, మీటరు కాడ ఫీజు గుంజు!" అని మా నాన్నను కేకేశాడు.

నేను తాతయ్య చేయి కొరికాను. వదల్లేదు. నాన్న ఫీజు పీకాక అత్త కుప్పకూలింది. జీపులో మానుకోట దవాఖానకు తీసుకుపోయారు. సాయంత్రం అదే జీపులో తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు.

దినాలయ్యాక తాతయ్య ఆ తీగ తెంపి కొబ్బరితాడు కట్టాడు. పనివాణ్ని పిలిపించి ఇంట్లో వైర్లన్నీ మార్పించాడు. మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "గోడ జుమ్మంటే నవ్వద్దు బిడ్డా. ముందుగాల కరెంటు బంద్ చెయ్యాలె. ఎవలన్న కరెంటుకు అంటుకుంటే, అమ్మయినా బాపయినా సరే, చేత్తోని ముట్టుకోవద్దు" అని చెప్పాడు.

నేను మాత్రం ఆయనతో సరిగా మాట్లాడలేకపోయాను. నన్ను పట్టుకున్న చేతులతో అత్తను పట్టుకుని ఉంటే బతికేదని నమ్మాను. చాలా ఏళ్లకు, నేను పై చదువుకు హనుమకొండ పోయే రోజు ఇద్దరం బస్సు కోసం నిలబడినప్పుడు అడిగేశాను.

"అత్తను ఎందుకు పట్టుకోలేదు తాతా?"

"పట్టుకుంటే నేను గూడ పోదును. నన్ను పట్టుకొని నువ్వు పోదువు" అన్నాడు. బస్సు కనబడ్డాక, నా సంచీ అందిస్తూ మెల్లగా అన్నాడు. "నిన్ను అదిమి పట్టుకున్నప్పుడు అది నా దిక్కే చూస్తుండె బిడ్డా."

ఇప్పుడు నాకు ఆనాటి తాతయ్య వయసు. జనగామలోని మా ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపాకే ముట్టుకోనిస్తాను. మనవరాళ్లు చాదస్తమంటారు. అననీ. నేలకు ఆనిన నా కళ్లకు ఆ రోజు అత్త చూపు కనబడలేదు. బస్టాండులో తాతయ్య చెప్పిన నాటి నుంచి మాత్రం చూస్తూనే ఉన్నాను.