హిందీలో ఏడ్చిన దెయ్యం

సన్యాసమ్మ నోరంటే, ఆ హిందీ ఊళ్లో సీతారాండేరా పేటలోని తెలుగువాళ్ల ఇళ్ల లైనంతటికీ హడల్. రైల్వేలో పనిచేసే మొగుడు పోయాక, గుమ్మంలో దిబ్బరొట్టెలు అమ్మి కొడుకుని పెంచిన మనిషి. ఇంట్లో హిందీ వినపడితే చాలు, గరిటె తిరగేసేది. "మీ తాత సిక్కోలు నుంచొచ్చాడే, పాట్నా నుంచి కాదు!" అనేది. మనవరాలు యోగిత మాత్రం, తెలుగులో తిడితే హిందీలోనే జవాబిచ్చేది.

ఆ పిల్ల బడిలో మూర్ఛొచ్చి పడిపోయింది. డాక్టరు మాత్రలిచ్చి, ఒక్కపూట కూడా మానొద్దన్నాడు. లైను ఊరుకుంటుందా? "మాత్రలకి లొంగేది కాదప్పా, గాలి సోకింది" అని ఆదిబాబు దగ్గరికి తోలింది. ఆదిబాబు వారమంతా ఫ్యాక్టరీలో వెల్డరు, మంగళవారం అమ్మోరి గుళ్లో దెయ్యాలు దించుతాడు. ముందు మాత్రలు మాన్పించమన్నాడు. మాన్పించింది సన్యాసమ్మే. కోడలు రజని ఏడ్చి మొత్తుకున్నా వినలేదు. వింటే ఆవిడ సన్యాసమ్మ ఎందుకవుతుంది!

మంగళవారం గుడి నిండా జనం. దెయ్యం తన పేరూ ఊరూ చెప్పేస్తే సగం దిగినట్టేనని వాళ్ల నమ్మకం. ఆదిబాబు ఎండుమిరపకాయల పొగ పెట్టి, వేపమండలతో పిల్ల వీపు మీద బాదుతూ, "ఎవుర్తివే? ఏ ఊరు నీది?" అని గర్జించాడు.

"ఛోడో ముఝే! దర్ద్ హో రహా హై!" వదలండి, నొప్పెడుతోందని యోగిత గోలుగోలున ఏడ్చింది.

"అదిగో, బైటపడింది!" ఆదిబాబు గంతేశాడు. "మన గుంట తెలుగుది. ఇదేటి, హిందీ మాటాడతన్నాది! రైలు పట్టాల మీద పడి సచ్చిన హిందీదాని దెయ్యమే!"

జనం చెంపలేసుకున్నారు. సన్యాసమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. కూరలో ఉప్పెక్కువైందన్నా, జడెయ్యమన్నా ఆ పిల్ల ఆ భాషలోనే కదా అంటుంది! ఓరి మీ నమ్మకం తగలెయ్యా! ఇంతలో యోగిత కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగింది.

"దిగతన్నాది!" అంటూ ఆదిబాబు మళ్లీ మండ ఎత్తాడు.

"ఒగ్గీరా గుంటని!" అని సన్యాసమ్మ అరిచింది. ఎవరూ కదల్లేదు. పైగా ఇద్దరాడవాళ్లు ఆవిడ రెక్కలు పట్టుకున్నారు.

అప్పుడు, ఆ లైను జన్మలో ఆవిడ నోట వినని భాష ఊడిపడింది. "ఛోడ్ మేరీ పోతీ కో, హరామీ!" నా మనవరాల్ని వదలరా అని.

రెక్కలు పట్టుకున్నవాళ్లు నిప్పు తొక్కినట్టు వదిలేశారు.

"అమ్మో, ముసల్దానికెక్కీసింది!"

ఆదిబాబే అందరికంటే ముందు వెనక్కి తగ్గాడు. సిగ్గులేని జన్మలు! మనిషి బతిమాలితే కదలనివాళ్లు దెయ్యమనగానే దారిచ్చారు.

"ఔనర్రా, ఎక్కింది. ఎవడికి దమ్ముందో రండి!" అంటూ, రజని ఒక పక్క పట్టగా, పిల్లని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయింది.

యోగిత మళ్లీ మాత్రలు వేసుకుంటోంది. దెయ్యం చేతి తిండని లైనులో ఎవరూ దిబ్బరొట్టె ముట్టడంలేదు. "పొండ్రా, మీ మొహాలకి అదొకటి!" అని ఆవిడ లైను దాటి కాసిడీహ్ బజార్లో బండి పెట్టుకుంది.

మొన్న పిల్ల వీపు మీది చారలకి ఆవిడ మందు రాస్తుంటే, యోగిత అటు తిరిగే అడిగింది. "మామ్మా, తుమ్ హీ లేకే గయీ థీ నా?" నువ్వే కదా నన్ను తీసుకెళ్లావు అని.

సన్యాసమ్మ మందుకి మూత పెట్టి, రాత్రి వేసుకోవాల్సిన మాత్ర తెచ్చి పిల్ల అరచేతిలో పెట్టింది.