బాపు విడిపించిన వార్తలు

పుష్కరం దాటింది, నా ఛాతీ మీద ఒక ఛత్రి కూర్చుని. అదే, ఇంటి పైకప్పు మీద ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉండే టీవీ ఛత్రి. దాని బరువు ఏనుగంత. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నేను చీమను చూసివచ్చి ఏనుగును చూశానని చెప్పే రకం. వరద వచ్చిందని నేనంటే మా ఊరివాళ్లు చినుకు పడిందేమోనని చేయి చాచి చూస్తారు. అలాంటి నేను ఏమీ పెంచకుండా, ఒక్క ముక్కలో తేల్చి చెప్పిన అబద్ధం నా జన్మలో ఒక్కటే. దాని సంగతే చెప్పాలి. మీకు కాకపోతే ఎవరికి చెప్పను?

ఉద్యమం ఊపు మీదున్న రోజులు. జనగామ దగ్గర మాది బాయికాడి ఇల్లు. కేబుల్ వైరు ఊరి చివరి స్తంభం దగ్గరే ఆగిపోయింది, మా పొలంలోకి రావాలంటే వీసా కావాలన్నట్టు. మా బాపు పొద్దున్నే రొట్టె తిని దీక్షా శిబిరానికి పోయేవాడు. ఆయన ఒక్క నినాదం ఇస్తే కాజీపేటలో రైళ్లు ఎక్కడివక్కడే ఆగేవని నేను అందరికీ చెప్పుకునేవాణ్ణి. శిబిరానికి టీవీవాళ్లు వచ్చి వీడియో తీసుకుపోయేవారు. వాళ్లు తీసింది మాత్రం బాపు ఎన్నడూ చూడలేదు. ఇంటికి ఛత్రి పెట్టించమని, తెలంగాణ వార్తలన్నీ వచ్చేది చూసి తెమ్మని నాకు అప్పజెప్పాడు.

జనగామలో ఛత్రీలు అమ్మే కొట్టు ప్రసాదుది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడి బడికే పోతున్నారు. మంచి మాటకారి. చిన్న ఛత్రా పెద్ద ఛత్రా, మామూలు పెట్టెనా రికార్డు చేసే పెట్టెనా అని మేమిద్దరం యుగాల తరబడి మాట్లాడుకున్నాం. వానకు బొమ్మ ఆగకూడదంటే పెద్దదే మేలని ఆయన అన్నాడు. అందులో పెళ్లికి బగారన్నం కూడా వండొచ్చని నేనన్నాను. పెద్దదే తీసుకున్నాం. చిక్కంతా చానళ్ల ప్యాకు దగ్గర వచ్చింది. బాపు ఇచ్చిన పైసలకు రెండింట్లో ఒకటే వస్తుంది. ఒకదాంట్లో తెలుగు వార్తలన్నీ ఉన్నాయి, ఆటలు లేవు. రెండోదాంట్లో క్రికెట్ అంతా ఉంది, తెలుగులో మాత్రం సినిమాలూ సీరియళ్లే. ప్రపంచకప్ దగ్గర పడుతోంది.

"మీ నాన్నగారు వార్తల కోసం కదా పెట్టించమన్నది? ఇందులో రావు. ముందే చెబుతున్నా," అన్నాడు ప్రసాదు.

"నువ్వు బిగియ్యన్నా. బాపుకు నేను చెప్పుకుంట."

చెప్పుకున్నాను. ఆ సాయంత్రం బాపు రిమోట్‌లో ఉన్న మీటలన్నీ నొక్కి చూసి, మన ముచ్చట ఏడొస్తదిరా అని అడిగాడు. "రాదు బాపు. ఆంధ్రోళ్లు బంద్ వెట్టిండ్రు" అన్నాను.

ఆ మాటే ఎందుకు వచ్చింది? ఆ రోజుల్లో కరెంటు పోయినా, బోరు ఎండినా, బస్సు రాకపోయినా మేము అనే మాట అదే. చాలాసార్లు అందులో నిజం ఉండేది కూడా. అందుకే అంత సులువుగా నోటికి వచ్చింది, అంత సులువుగా బాపు నమ్మాడు. అందరి గోసనూ తెచ్చి నా క్రికెట్‌కు అడ్డం పెట్టుకున్నాను. చేస్తున్నది ఏమిటో నాకు అప్పుడు తెలుసా? తెలియదని చెప్పాలని ఉంది. తెలుసు.

మర్నాడు బాపు ఆ మాటను శిబిరానికి మోసుకుపోయాడు. పొద్దున 'వార్తలు బంద్ వెట్టిండ్రు' అన్నది మధ్యాహ్నానికి 'ఛత్రి అమ్మినోడే బంద్ వెట్టిండు' అయింది. పొద్దుగూకేసరికి, తెలంగాణ వార్తలను మళ్లీ ఆకాశంలోకే తిప్పికొట్టే బిళ్ల ఒకటి ఛత్రిలో దాచి అమ్ముతున్నాడని తేలిపోయింది. పెంచి చెప్పడంలో నన్ను మించినవాళ్లు మా మండలంలోనే ఇంతమంది ఉన్నారని నాకు అంతవరకూ తెలియదు.

ఆ తెల్లారి శిబిరం మొత్తం లేచి కొట్టు ముందుకు వచ్చింది. అందరికంటే ముందు బాపు. ఆయన పక్కన నేను.

"ఏం ప్రసాదు, మా వార్తలెందుకు బంద్ వెట్టినవ్?"

"నేను ఆపడం ఏంటండీ బాబాయ్? ఆ ప్యాకులోనే లేవండీ."

"లేవండీ!" అని వెనుక నుంచి ఎవరో సాగదీశారు. "ఏంటండీ!" అని ఇంకొకరు. గుంపంతా నవ్వింది. మా యాసను సినిమాల్లో ఏళ్ల తరబడి ఎక్కిరించినవాళ్లందరి బదులు ఆ పూట ప్రసాదు ఒక్కడే దొరికాడు. నేనూ నవ్వాను.

"కావాలంటే మీ అబ్బాయినే అడగండి," అన్నాడు.

బాపు నా వైపు తిరిగాడు. "చెప్పురా. వార్తలుండేటిదే గావాల్నని అడిగినవా, లేదా?"

"అడిగిన బాపు."

ప్రసాదు నోరు తెరిచాడు. గుంపును ఒకసారి చూశాడు. నన్ను చూశాడు. "పొరపాటైందండీ, ఇప్పుడే మారుస్తాను," అన్నాడు.

మార్చాడు కూడా. ఆ వారంలోనే ఒక సాయంత్రం, టీవీలో శిబిరంలో కూర్చున్న తనను తాను చూసుకుని బాపు మంచం మీద కండువా సర్దుకున్నాడు.

కొట్టు మీద ఒక్క రాయి కూడా పడలేదు. దాని మెట్లు ఎక్కేవాళ్లే లేకుండా పోయారు, అంతే. ఛత్రి కావలసినవాళ్లు వరంగల్ పోయి తెచ్చుకున్నారు. పిల్లల పరీక్షలు అయిపోగానే ప్రసాదు సామానంతా లారీకి ఎక్కించాడు. నేను ఎదురుగా హోటల్లో చాయ తాగుతూ చూస్తున్నాను. లారీ కదిలేదాకా ఉన్నాను. రోడ్డు దాటలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. బాపు లాఠీ దెబ్బలు తినలేదు, జైలుకు పోలేదు. ఉద్యమంలో ఆయన తనదని చెప్పుకునే గెలుపు ఒక్కటే, ఆంధ్రా కొట్టాయన ఆపిన వార్తలను విడిపించడం. మానుకోట చుట్టాలకు చెప్పాడు. భూపాలపల్లిలో ఒక పెళ్లి పందిట్లో, నేనెవరో ఎరగని పెద్దమనిషి నాకే చెప్పాడు, జనగామ ముసలాయన ఒకరు ఛత్రిలోని బిళ్లను పండ్లతో పీకి చూపించాడని. అవునా అన్నాను. బాపుకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఇంకా మనవలకు చెబుతాడు. చివర్లో నా సాక్ష్యం అడుగుతాడు, అంతేనారా అని. అంతే బాపు, అంటాను.

ఆయన గెలుపు పోగొట్టలేకే దాచానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. లారీ వెళ్లిన తొలి రోజుల్లో బాపు దాన్ని ఇంకా గెలుపుగా చెప్పుకోవడం మొదలుపెట్టలేదు. అప్పుడెందుకు నోరు విప్పలేదు? సిగ్గు. ఇంకేమీ కాదు. ప్రసాదు ఎక్కడున్నాడో ఎవరినీ అడగలేదు కూడా. ఎంతో వెతికాను, దొరకలేదు అని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలిగేది. వెతకలేదు.

ఆ రోజు కొట్టు ముందు నిలబడ్డవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు చెప్పవలసింది ఇది. వార్తలు ఎవరూ ఆపలేదు. క్రికెట్ ప్యాకు అడిగింది నేను. అందులో వార్తలు రావని ఆయన ముందే చెప్పాడు. మీరు ఆయన్ను చూసి నవ్వింది నా మాట నమ్మి. బాపుకు ఇంకా చెప్పలేదు, చెబుతానో లేదో తెలియదు. ఇదంతా రాసినందువల్ల ప్రసాదుకు ఒరిగేదేమీ లేదు. నాకే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.