మా బావ ఎరుపులో తప్పేమీ లేదు

దిల్‌సుఖ్‌నగర్‌లో చేనేత చీరలు అమ్మే నా తోటి దుకాణదారులు కొందరు మా అక్క భర్త గురించి ఒక మాట విన్నారు. రంగు మార్చాడని, నాసిరకం రంగు వాడుతున్నాడని. ఆ మాట పుట్టింది నా నోట్లోంచే. అది నిజం కాదు. ఎందుకు అన్నానో, ఎట్లా అన్నానో చెప్పాలంటే ముందు నా కొత్త ఫోను గురించి చెప్పాలి.

ఫోను కొని కొన్ని నెలలే అయింది. పాత ఫోనులో మెసేజీలు చదవడానికి చేయి బారుగా చాపి, కళ్ళు చికిలించుకుని అవస్థపడుతుంటే చూడలేక మా అమ్మాయి పెద్ద తెర ఉన్నది కొనిపించింది. అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి, కాదనను. మిగతావన్నీ ఇబ్బందే. చొక్కా జేబులో సగం లోపల, సగం బయట ఉంటుంది. కింది అరలోంచి చీర తీద్దామని వంగితే జారి కస్టమర్ల ముందు పరుపు మీద పడుతుంది. బొటనవేలు తెర ఆ చివరకు అందదు. అందుకోబోయి ఎవరెవరికో ఫోన్లు కలిపాను. చెవికి ఆనించుకుంటే, "అప్పడం పెట్టుకున్నట్టున్నది" అని నా భార్య నవ్వుతుంది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి తెర తెరిస్తే పక్కనున్న నలుగురూ నా మెసేజీలు చదువుతారు. ఒకాయన ఏ మొహమాటమూ లేకుండా అడిగాడు కూడా: "ఏంది సార్, ఇంట్ల టీవీ పీక్కొచ్చినవా?"

కానీ ఒక్క విషయంలో ఆ ఫోను నన్ను కట్టిపడేసింది. చీరలు అందులో వెలిగిపోయేవి. దుకాణంలో ఉన్న చీర ఫోటోనే తెర మీద చూస్తే, ఈ చీర ఇంత బాగుంటుందని నాకెందుకు తెలియలేదా అనిపించేది. కస్టమరు వస్తే అరలోంచి తీయకుండా ముందు ఫోను తిప్పి చూపించడం మొదలుపెట్టాను. వాళ్ళూ చీరలకంటే ఫోటోలే ఎక్కువ మెచ్చుకున్నారు.

మాది పోచంపల్లి. మా నాన్న మగ్గం నేశాడు, నేను మగ్గం మీద కూర్చోకుండా దుకాణంలోకి వచ్చాను. బావ మాత్రం ఇప్పటికీ నేస్తున్నాడు. మా రెండిళ్ళ మధ్య ఒక పద్ధతి ఉండేది. నూలుకు రంగు అద్ది ఆరబెట్టాక, మగ్గానికి ఎక్కించకముందే, బావ కొన్ని పోగులు కాగితంలో చుట్టి బస్సులో పంపేవాడు. నేను వాటిని ఎల్బీ నగర్‌లో తీసుకుని, దుకాణం బయట ఎండలో నిలబడి, వేళ్ళ మధ్య విడదీసి చూసేవాడిని. బాగుందని ఫోన్ చేశాకే ఆయన పడుగు ఎక్కించేవాడు. ఒక్కసారి మగ్గం ఎక్కిన రంగును ఎవరూ మార్చలేరు కదా. మా నాన్న కాలంలోనూ ఇదే పద్ధతి.

కొత్త ఫోను వచ్చాక నేనే ఆ పద్ధతి మాన్పించాను.

"బావా, ఇగ పోగులు బస్సుల పంపుడు ఎందుకు? ఫోటో కొట్టి పంపు. నా ఫోన్ల పోగు పోగు కనబడుతది."

"నీ ఇష్టం బామ్మర్దీ. అమ్మేది నువ్వే గదా," అన్నాడాయన.

అట్లా వచ్చింది ఆ ఎరుపు ఫోటో. అప్పుడే ఒలిచిన దానిమ్మ గింజల్లా ఉంది నా తెర మీద. వనస్థలిపురం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది, వాళ్ళ స్కూలు వేడుకకు టీచర్లందరికీ ఒకే రంగు చీరలు కావాలని. ఆమెకు ఫోటో చూపించాను. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ఇదే రంగు, ఇదే కావాలి అని చెప్పి వెళ్ళింది. బావ పడుగు ఎక్కించాడు. ఆ ఎరుపు మీద నేను మిగతా దుకాణాల వాళ్ళకూ ఆశపెట్టాను. వాళ్ళూ కొందరు ఆర్డర్లిచ్చారు.

మొదటి చీరలు బస్సులో వచ్చిన రోజు ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ కింద నిలబడే కట్ట మూల విప్పి చూశాను. ఎరుపే, కానీ కాస్త ఇటుక వైపు పోయిన ఎరుపు. నీడ వల్ల అనుకున్నాను. దుకాణంలో చూశాను. ట్యూబులైటు వల్ల అనుకున్నాను. టీచరమ్మ వచ్చి చీర విప్పగానే ఆమె మొహం మారిపోయింది.

"ఇది కాదు సార్ నేను చూసింది. మీ ఫోన్‌లో ఉన్నదే కావాలి నాకు."

ఫోటో తీసి చీర పక్కన పెట్టాను. ఆమె అన్నది నిజమే. రెండూ రెండు రంగులు. ఆమె చీరలు వదిలేసి వెళ్ళిపోయింది.

అంతకుముందు బావ ఏదో మాటల్లో అన్నాడు, ఎప్పుడూ రంగులు కొనే దుకాణం మూసేశారని, ఇప్పుడు వేరేచోట తెస్తున్నానని. ఆ మాట గుర్తొచ్చింది. ఇంకేముంది, అంతా అర్థమైపోయిందనుకున్నాను. ఫోటోకు మంచి రంగు నూలు చూపించి, మగ్గానికి చవక రంగుది ఎక్కించాడు అని తేల్చేశాను. ఆయనకు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది. చేయలేదు. దుకాణదారుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను.

"గా ఎరుపు మీద ఆర్డర్ ఇచ్చినోళ్ళు జర చూస్కొని తీస్కోండి. రంగుల తేడా వస్తున్నది. మా ఇంటి మనిషే అయినా చెప్తున్న, రేపు నన్ను అనొద్దు."

పేరు చెప్పలేదని అప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా ఇంటి మనిషి అన్నాక పేరెందుకు? ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ పెట్టాక నాకు గర్వంగానే అనిపించింది. సొంత బావ అని కూడా చూడకుండా నిజం చెప్పాడు అని నలుగురూ అనుకుంటారనుకున్నాను. అనుకున్నారు కూడా. ఒక్కొక్కరే బావకు ఫోన్ చేసి వద్దన్నారు. మగ్గం మీద ఇంకా సగం పడుగు ఉంది. ఆ ఎరుపు అడిగేవాళ్ళు లేరు.

బావ నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

తర్వాత ఒకరోజు అక్క వచ్చింది, పన్ను నొప్పి అని ఎల్బీ నగర్‌లో దవాఖానకు. చూపించుకుని మా ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అక్కను చూశాను. ఆ ఎరుపు చీరే కట్టుకుంది.

"ఏందక్కా, గా చీర కట్టినవ్?"

"ఏం జెయ్యాలె మరి? మీ దుకాణాలోళ్ళు వద్దన్నరు. మగ్గం మీదికెల్లి కోసిన చీర ఎవరో ఒకరు కట్టాలె గదా తమ్మీ. గిట్లనే వద్దంటుండుండ్రి, నా బీరువ నిండుతది."

నా భార్య వంటింట్లోకి తప్పుకుంది. నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసింది వాళ్ళు, మాటలు పడేది నేనా అనిపించింది. ఫోను తీసి ఫోటో ఆమె ముందు పెట్టాను.

"చూడక్కా. బావ పంపింది ఇది. గీ ఎరుపేడ, నువ్వు కట్టిన ఎరుపేడ? నువ్వే చెప్పు."

అక్క ఫోనును పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. కాసేపు చూసి, "గింత ఎర్రగ మేమెన్నడు అద్దినం?" అంది. తర్వాత సంచీలోంచి తన ఫోను తీసింది. ఆ ఫోటో తీసింది బావ కాదట, ఆమేనట. అదే ఫోటో తెరిచి, ఫోను ఒడిలో చీర మీద పెట్టుకుంది. మూల పగిలిన ఆ చిన్న తెర మీది ఎరుపుకూ, కింద చీర ఎరుపుకూ తేడా లేదు. నా ఫోను పక్కన పెట్టాను. అదొక్కటే వేరేగా మండిపోతోంది.

"నీ ఫోన్ పాతదక్కా. దాంట్ల రంగులు సరిగ్గ రావు," అన్నాను.

"నా ఫోన్ పాతదే, సరే. నా ఒళ్ళె ఉన్న చీర గూడ పాతదైందా? దాంట్ల గూడ రంగులు సరిగ్గ రావా?"

నేను ఒకసారి చీరనూ, ఒకసారి ఈ ఫోన్నూ, ఒకసారి ఆ ఫోన్నూ చూస్తూ కూర్చున్నాను. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి మా మధ్యకు తొంగిచూసింది.

"డాడీ, అది వివిడ్ మోడ్. రంగులు ఎక్కువ చేసి చూపిస్తది. కొనేటోళ్ళకు మంచిగ కొట్టొచ్చినట్టు కనబడాలె గదా, అట్లనే పెట్టి అమ్ముతరు," అంటూ ఏవో రెండు మూడు చోట్ల నొక్కింది. నా కళ్ళముందే దానిమ్మ గింజలు ఆరిపోయి అక్క చీర రంగులోకి వచ్చేశాయి.

"మరి నాకు ముందే చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా? చీరలమ్మేటోనివి, రంగులు నాకంటె నీకే తెలుస్తయనుకున్న."

అక్క నవ్వలేదు. "నాకు చెప్తే ఏమొస్తది? మీ గ్రూపుల చెప్పు," అని లేచింది.

ఆమె వెళ్ళాక ఫోనులోని ఫోటోలన్నీ తిప్పుతూ కూర్చున్నాను. అన్నీ వెలిసినట్టున్నాయి. ఇవి అసలు రంగులా, లేక ఇదీ ఇంకో రకం తేడాయేనా? అమ్మాయిని అడిగితే, "దాదాపు అసలే," అంది. దాదాపు అంటే ఏమిటో నాకు తెలియలేదు. అంతకంటే తెలియనిది ఇంకొకటుంది. ఫ్లైఓవర్ కింద చీర నా చేతిలోనే ఉంది. వేళ్ళతో పట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా రంగు చూసే బతుకుతున్నాను. చేతిలో ఉన్న గుడ్డను అనుమానించి, గాజు మీది బొమ్మను ఎట్లా నమ్మాను?

గ్రూపులో రెండో వాయిస్ మెసేజ్ పెట్టాను. తప్పు నాదని, రంగు మంచిదేనని, ఫోన్ సెట్టింగు సంగతీ అన్నీ వివరంగా చెప్పాను. చాలా పొడుగైంది. కొందరు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకాయన, "అన్నా, గా మోడ్ యాడుంటది? నా ఫోన్ల గూడ పెట్టుకుంట," అన్నాడు. ఇంకొకాయన ఫోను బాగుందా, తీసుకోవచ్చా అని అడిగాడు. మా బావ గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

సరే అని టీచరమ్మ వదిలేసిన చీరలు రెండు పట్టుకుని దుకాణం దుకాణం తిరిగాను. అంతకుముందు ఆ ఎరుపుకు ఆర్డరివ్వని, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన నా మాట చివరిదాకా విన్నాడు.

"మొన్న బాలేదన్నదీ మీరే, ఇవాళ బావుందంటున్నదీ మీరే. ఏ మాట పట్టుకోమంటారు చెప్పండి?"

"నా మాట వదిలెయ్యండి. చీర పట్టుకొని జర బయటికి రండి," అన్నాను.

వచ్చాడు. వరసగా నిలిపిన బండ్ల మధ్య ఎండలో చీర కొంగు విప్పి, అటూ ఇటూ తిప్పి, దారం తడిమి చూశాడు.

"రంగు బ్రహ్మాండంగా ఉందండీ. మీ బావగారి నంబరివ్వండి. మధ్యలో మీరూ మీ ఫోనూ ఎందుకూ?"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నంబరిచ్చాను. ఇంకో ఇద్దరు కూడా అట్లాగే తీసుకున్నారు. మిగిలిన పడుగు నేయడం అయిపోయిందని, చీరలన్నీ పోయాయని తర్వాత అక్క చెప్పింది. సంతోషమేసింది. ఆ చీరల్లో ఒక్కటి కూడా నా దుకాణానికి రాలేదు.

మొన్న ఆదివారం పోచంపల్లి వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా బావతో చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. ఆయన మామూలుగానే పలకరించాడు. పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నాం. కూర వేసుకుంటూ అడిగాడు:

"ఫోన్ ఎట్ల పనిచేస్తున్నది బామ్మర్దీ?"

ఎగతాళా, నిజంగానే అడిగాడా? మొహం చూస్తే తెలియలేదు.

"మంచిగనే ఉన్నది బావా," అన్నాను.

తలూపి, చేయి కడుక్కుని మగ్గం మీదికి వెళ్ళిపోయాడు. నేను వెనకే వెళ్ళి నిలబడ్డాను. "తప్పు నాదే బావా, నిన్ను అడగకుండ అన్న," అన్నాను. మగ్గం చప్పుడులో వినిపించిందో లేదో. మళ్ళీ తలూపాడు. నా మాటకో, చేతిలో పనికో. మగ్గం మీద ఈసారి నీలం రంగు పడుగు ఉంది. అది ఏ దుకాణానికని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.