తీగలమ్మ శ్రోత

తలకు తీగలు అతికించి మెదడు అలలను తెరమీద చూపించే ఆమెను ఆస్పత్రిలో అందరూ తీగలమ్మ అంటారు. రోగికి కునుకు రాకపోతే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. అందుకే జిగురంటిన వేళ్లు పైకెత్తి, మణికట్టుతో కళ్లద్దాలు సర్దుకుంటూ, జోలపాటలాంటి గొంతుతో తోటికోడలి కబుర్లు చెబుతుంది. ఆరోజు పరీక్షకొచ్చిన ఓ పెద్దాయన మాత్రం "తర్వాత ఆవిడేమందమ్మా?" అంటూ మాటిమాటికీ కళ్లు తెరిచాడు. లాభం లేదని, ఇంట్లో ఎవరూ చెవిన పెట్టని తన మెషీన్ సంగతి ఎత్తుకుంది. "మెలకువగా ఉండి కళ్లు మూసుకుంటే అలలు దువ్వెన పళ్లలా వరసగా వస్తాయండీ. కునుకు పట్టగానే ఆ పళ్లు ఊడిపోయి, బద్ధకంగా సాగుతాయి..." తెరమీద అచ్చం అలాగే జరిగింది. అయినా ఆపకుండా చివరిదాకా చెప్పి, అప్పుడు లేపింది. "నేనెక్కడ నిద్రపోయానమ్మా? అంతా విన్నాను!" అన్నాడాయన. తీగలమ్మ ముఖం విప్పారింది. ఇన్నేళ్లకు ఆ మాట అన్న మనిషి దొరికాడు.